నా ఫస్ట్ పీసీ: 45 వేలు, ఎనిమిది పార్సిళ్లు, ఒక నల్ల స్క్రీన్

2022 నవంబర్ 5, శనివారం రాత్రి. ఖమ్మంలో మా ఇంటి ముందు గది. నాన్న బట్టలు కత్తిరించే బల్ల మీద నా మొదటి పీసీ ఉంది. స్క్రూలన్నీ బిగించాను, వైర్లు రెండుసార్లు చెక్ చేశాను. నాన్న కుట్టుమిషన్ ఆపి వచ్చి పక్కన నిలబడ్డారు. అమ్మ వంటింటి గుమ్మంలో ఉంది.

పవర్ బటన్ నొక్కాను. ఫ్యాన్లు తిరిగాయి. "వచ్చిందా?" అంది అమ్మ. మానిటర్ మీద మాత్రం రెండే మాటలు: నో సిగ్నల్. ఐదు సెకన్లకి అవి కూడా పోయి స్క్రీన్ మొత్తం నల్లగా అయిపోయింది.

ముందే ఒక విషయం చెప్పేస్తాను. ఆ పీసీలో ఒక్క పార్ట్ కూడా పాడై రాలేదు. నకిలీది కూడా ఏదీ లేదు. అయినా అది ఆన్ అవలేదు. దానికి కారణం నేను పార్ట్స్ కొన్న పద్ధతి. మీరు కూడా మొదటి పీసీకి పార్ట్స్ ఆన్‌లైన్‌లో కొందామని కార్ట్ నింపుకుంటుంటే, పేమెంట్ చేసే ముందు ఇది చదవండి.

ల్యాప్‌టాప్ కాకుండా పీసీనే ఎందుకు?

అప్పుడు నేను డిగ్రీ చివరి సంవత్సరం. ఫోన్‌లోనే చిన్న చిన్న వీడియోలు ఎడిట్ చేసేవాడిని. తెలిసిన ఫొటో స్టూడియో వాళ్లు "డిసెంబర్ ముహూర్తాలకి పెళ్లి టీజర్లు ఇస్తాం, నీ దగ్గర సిస్టమ్ ఉంటే చెప్పు" అన్నారు. సిస్టమ్ లేదు. నాన్న టైలర్. చిట్టీ పాడి 45 వేలు తెచ్చి నా చేతిలో పెట్టారు.

ఆయనకి నచ్చనిది ఒకటే. "మొత్తం ఒకటే వస్తువు కొనుక్కోక, ఈ ముక్కలు ముక్కలుగా కొనడం ఏందిరా?"

"రెడీమేడ్ చొక్కాకీ కుట్టించుకున్న చొక్కాకీ తేడా నీకు తెలీదా నాన్నా?" అన్నాను. ఆ మాటకి ఒప్పుకున్నారు. అదే మాట తర్వాత నాకే తగిలింది, అది చివర్లో చెప్తాను.

టెక్నికల్‌గా నా కారణం కూడా అదే. 45 వేల ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ మార్చుకునే వీలు దాదాపు ఉండదు. పీసీలో ఈ రోజు ర్యామ్, రేపు గ్రాఫిక్స్ కార్డ్, ఎల్లుండి ఇంకో స్టోరేజ్ పెట్టుకోవచ్చు. ఒక పార్ట్ పోతే అదొక్కటే మారుతుంది.

నా పార్ట్స్ లిస్ట్

ఇవి 2022 పండగ సేల్స్‌లో నేను కట్టిన ధరలు. ఇవాళ్టి ధరలు వేరుగా ఉంటాయి, కాబట్టి నంబర్లకన్నా ఏ పార్ట్ ఎందుకు తీసుకున్నానో చూడండి.

ప్రాసెసర్, ఏఎండీ రైజెన్ 5 5600జీ: 13,800 రూపాయలు. 6 కోర్లు, 12 థ్రెడ్లు. చివర ఉన్న 'జీ' ముఖ్యం. అంటే లోపలే గ్రాఫిక్స్ ఉంది, విడిగా కార్డ్ కొనక్కర్లేదు. కూలర్ కూడా బాక్స్‌లోనే వస్తుంది.

మదర్‌బోర్డ్, బీ450 చిప్‌సెట్, మైక్రో ఏటీఎక్స్ సైజ్: 6,400.

ర్యామ్, డీడీఆర్4 3200, 8 జీబీవి రెండు స్టిక్కులు: 4,600. 16 జీబీది ఒకే స్టిక్ కాకుండా రెండు ఎందుకంటే, లోపలి గ్రాఫిక్స్ ర్యామ్‌నే వాడుకుంటుంది. డ్యుయల్ చానల్‌లో దాని స్పీడ్ స్పష్టంగా పెరుగుతుంది.

ఎస్‌ఎస్‌డీ, 500 జీబీ ఎన్‌వీఎంఈ: 3,700.

పవర్ సప్లై, 550 వాట్లు, 80 ప్లస్ బ్రాంజ్: 4,100. ఈ బిల్డ్‌కి అంత అక్కర్లేదు. తర్వాత గ్రాఫిక్స్ కార్డ్ పెడతానని తీసుకున్నాను.

క్యాబినెట్, ఒక పక్క గ్లాస్: 3,200. మానిటర్, 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ: 8,500. కీబోర్డ్, మౌస్ కలిపి 900.

మొత్తం 45,200. పైన 200 నా జేబులోవి. విండోస్ లైసెన్స్ ఖర్చు ఇందులో లేదు.

పేపర్ మీద చూస్తే లిస్ట్‌లో తప్పేమీ లేదు. ఈ ప్రాసెసర్, ఈ బోర్డ్ రెండూ ఏఎం4 సాకెట్‌వే. పీసీపార్ట్‌పికర్ లాంటి సైట్‌లో పెట్టి చూస్తే కూడా ఇవి కలుస్తాయనే చూపిస్తుంది. కాకపోతే కింద ఒక చిన్న గమనిక ఉంటుంది. కొన్ని బోర్డులకి ముందు బయోస్ అప్‌డేట్ అవసరం కావచ్చు అని. నేను ఆకుపచ్చ రంగు చూసి సంతోషపడ్డాను, గమనిక చదవలేదు.

డీల్ వెంట పరిగెత్తాను

ఆర్డర్ పెట్టే ముందు మా ఊళ్లోనే ఒక కంప్యూటర్ షాప్‌కి వెళ్లాను. షాప్ అన్న ఓపిగ్గా నా లిస్ట్ మొత్తం చదివి, ఇంచుమించు అవే పార్ట్స్‌కి 49,500 కొటేషన్ రాసిచ్చాడు. ఫిట్టింగ్ కూడా అందులోనే. దాన్ని ఫొటో తీసుకుని, "ఇంట్లో అడిగి వస్తానన్నా" అని వచ్చేశాను. మళ్లీ వెళ్లలేదు. ఆన్‌లైన్‌లో 4,300 మిగులుతోంది కదా.

మన దగ్గర పార్ట్స్‌కి రెండు రకాల ఆన్‌లైన్ షాపులున్నాయి. ఒకటి, అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ లాంటి పెద్ద మార్కెట్‌ప్లేస్‌లు. రెండోది, పీసీ పార్ట్స్ మాత్రమే అమ్మేవి. కోల్‌కతా ఎండీ కంప్యూటర్స్, వేదాంత్ కంప్యూటర్స్, ముంబై ప్రైమ్ఏబీజీబీ, చెన్నై ఐటీ డిపో ఇలాంటివి. మార్కెట్‌ప్లేస్‌లో ఒకే ప్రొడక్ట్ పేజీ కింద వేర్వేరు సెల్లర్లు ఉంటారు. ధర 300 తగ్గిందంటే ఒక్కోసారి సెల్లరే మారిపోయి ఉంటాడు. కాబట్టి ప్రొడక్ట్ రేటింగ్‌తో పాటు సెల్లర్ పేరు, అతని రేటింగ్, జీఎస్టీ బిల్ ఇస్తాడా లేదా చూడాలి. "ఎమ్మార్పీ మీద 60 శాతం తగ్గింపు" అన్న మాటని పట్టించుకోవద్దు. అమెజాన్‌లో అయితే కీపా లాంటి ట్రాకర్‌లో పాత ధర చూస్తే అది నిజమైన డీలో కాదో తెలిసిపోతుంది.

ఇవన్నీ నేను చూశాను. చూడనిది క్యాలెండర్.

సెప్టెంబర్ చివరి సేల్‌లో మదర్‌బోర్డ్ మీద 900 తగ్గింది, ఆర్డర్ పెట్టేశాను. సెప్టెంబర్ 27న డెలివరీ అయింది. దసరాకి ర్యామ్, ఎస్‌ఎస్‌డీ. తర్వాత పవర్ సప్లై, క్యాబినెట్. దీపావళికి మానిటర్, కీబోర్డ్. ప్రాసెసర్ ధర ఇంకా తగ్గుతుందని ఆగి ఆగి చివర్లో పెట్టాను. అది నవంబర్ 2న వచ్చింది. మొత్తం ఎనిమిది పార్సిళ్లు, నాలుగు సెల్లర్లు, ఐదు వారాలు.

ఒక్కో డీల్‌లో ఐదొందలో వెయ్యో మిగిలిన ప్రతిసారీ గెలిచినట్టే అనిపించింది. కానీ బోర్డ్‌కి రీప్లేస్‌మెంట్ గడువు 7 రోజులే. ప్రాసెసర్ లేకుండా బోర్డ్ పనిచేస్తుందో లేదో టెస్ట్ చేయలేం. అంటే నేను బోర్డ్ కొన్న రోజే దాన్ని వెనక్కిచ్చే హక్కుని వదులుకున్నాను. ఆ సంగతి నాకు 39 రోజుల తర్వాత అర్థమైంది.

వీడియో తీసినందుకు బతికిపోయాను

ఒక పని మాత్రం సరిగ్గా చేశాను. ప్రతి పార్సిల్‌నీ వీడియో తీస్తూ విప్పాను. చెల్లి ఫోన్ పట్టుకునేది, నేను కత్తెరతో టేప్ కోసేవాడిని.

క్యాబినెట్ బాక్స్ ఒక మూల నొక్కుకుపోయి వచ్చింది. విప్పితే పక్క గ్లాస్ ముక్కలు ముక్కలై ఉంది. వీడియోలో అడ్రస్ లేబుల్, కట్ చేయని టేప్, నొక్కుకున్న మూల, పగిలిన గ్లాస్ అన్నీ ఒకే షాట్‌లో ఉన్నాయి. అది అప్‌లోడ్ చేశాక ఒక్క ప్రశ్న కూడా అడగకుండా నాలుగు రోజుల్లో వేరేది పంపారు.

వీడియో తీసేటప్పుడు ఇలా చేయండి. మొదట లేబుల్ మీద ఆర్డర్ వివరాలు చూపించండి. బాక్స్‌ని ఆరు వైపులా తిప్పి చూపించండి. కట్ చేయకుండా, పాజ్ చేయకుండా విప్పండి. బాక్స్ మీద సీరియల్ నంబర్, లోపలి వస్తువు మీద సీరియల్ నంబర్ రెండూ ఒకటేనా అని కెమెరాకి దగ్గరగా పెట్టి చూపించండి. బిల్ మీద కూడా ఆ నంబర్ ఉంటే ఇంకా మంచిది. ఓపెన్ బాక్స్ డెలివరీ ఉంటే, డెలివరీ బాయ్ ముందే విప్పి చూశాకే ఓటీపీ చెప్పండి. ఏ బాక్స్ కూడా కనీసం గడువు అయ్యేదాకా పారేయొద్దు. మా అమ్మ రెండు బాక్సులు పాత పేపర్లలో వేసేయబోతే పరిగెత్తుకెళ్లి తెచ్చుకున్నాను.

నల్ల స్క్రీన్ రాత్రి

మళ్లీ ఆ శనివారం రాత్రికి వద్దాం.

మొదటి అరగంట కేబుల్స్ తీసి పెట్టడంతోనే సరిపోయింది. మానిటర్ కేబుల్ బోర్డ్‌కే పెట్టానా? పెట్టాను. 24 పిన్నుల పెద్ద కనెక్టర్, ప్రాసెసర్‌కి వెళ్లే 8 పిన్నుల కనెక్టర్ రెండూ గట్టిగా కూర్చున్నాయా? కూర్చున్నాయి. ఒక ర్యామ్ తీసి ఇంకోటి పెట్టాను, స్లాట్ మార్చాను. బోర్డ్ మీది గుండ్రటి బ్యాటరీ తీసి పది నిమిషాలాగి మళ్లీ పెట్టాను. ఏం చేసినా బోర్డ్ మీద 'సీపీయూ' అని రాసి ఉన్న చోట చిన్న ఎర్ర లైట్ వెలుగుతూనే ఉంది.

ప్రాసెసర్ పోయిందనుకున్నాను. చేతులు వణికాయి. 13,800. కూలర్ విప్పి ప్రాసెసర్ తీసి ఫోన్ టార్చ్ కింద పిన్నులు చూశాను. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. అన్నీ వరుసగా, నిటారుగా ఉన్నాయి.

"పాడైందా?" నాన్న అడిగారు.

"తెలీదు నాన్నా."

ఆయన ఇంకేం అనలేదు. వెళ్లి మిషన్ ముందు కూర్చున్నారు గానీ కుట్టలేదు.

రాత్రి ఒంటిగంటకి, వెతుకుతుంటే మదర్‌బోర్డ్ కంపెనీ సైట్‌లో 'సీపీయూ సపోర్ట్' అనే పేజీ దొరికింది. ప్రతి బోర్డ్‌కీ అలాంటి పేజీ ఉంటుంది. ఏ ప్రాసెసర్‌కి ఏ బయోస్ వెర్షన్ నుంచి సపోర్ట్ ఉందో అందులో పట్టికలా ఇస్తారు. 5600జీ పక్కన ఉన్న వెర్షన్ 2021 నాటిది. నా బోర్డ్ బాక్స్ తీసి చూశాను. దాని మీద ఒక స్టిక్కర్: 'రైజెన్ 3000 డెస్క్‌టాప్ రెడీ'.

అసలు సంగతి ఇదీ. బీ450 చిప్‌సెట్ 2018లో వచ్చింది. రైజెన్ 5 5600జీ విడిగా అమ్మకానికి వచ్చింది 2021లో. బోర్డ్ ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చినప్పుడు అందులో ఉన్న బయోస్‌కి ఆ తర్వాత పుట్టిన ప్రాసెసర్ ఎవరో తెలీదు. సాకెట్‌లో సరిగ్గా కూర్చుంటుంది, కరెంట్ వెళ్తుంది, ఫ్యాన్ తిరుగుతుంది. కానీ బోర్డ్ దాన్ని గుర్తుపట్టదు. బయోస్ అప్‌డేట్ చేస్తే గుర్తుపడుతుంది. అప్‌డేట్ చేయాలంటే పీసీ ఆన్ అవ్వాలి. ఆన్ అవ్వాలంటే అప్‌డేట్ కావాలి!

కొన్ని బోర్డుల్లో దీనికి వెనకవైపు ఒక ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటుంది. ప్రాసెసర్ లేకుండానే, పవర్ సప్లై, పెన్‌డ్రైవ్ ఉంటే చాలు, బయోస్ మారిపోతుంది. నా 6,400 బోర్డ్‌లో ఆ బటన్ లేదు.

పొద్దున్నే సెల్లర్ కస్టమర్ కేర్‌తో చాట్ చేశాను. గడువు అయిపోయింది, బ్రాండ్ సర్వీస్‌ని అడగండి అన్నారు. ప్రొడక్ట్ పేజీలో 'రైజెన్ 5000 సపోర్ట్' అని రాశారు కదా అన్నాను. పేజీ చివర 'బయోస్ అప్‌డేట్‌తో' అని ఉంది చూడండి అన్నారు. చూశాను. ఉంది. బ్రాండ్ సర్వీస్ అంటే హైదరాబాద్ పంపాలి, అది ఎప్పుడు తిరిగొస్తుందో ఎవరూ చెప్పలేదు. స్టూడియో వాళ్ల పని డిసెంబర్ మొదటి వారంలో మొదలు. సికింద్రాబాద్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్, అదే మనందరం సీటీసీ అనేది, అక్కడికి తీసుకెళ్తే పని అవుతుంది. కానీ సుమారు 200 కిలోమీటర్లు, రానూపోనూ ఒక రోజు.

మిగిలింది కొటేషన్ రాసిచ్చిన అన్న.

షాప్ అన్న చేసిన పని

సోమవారం సాయంత్రం క్యాబినెట్‌ని పాత దుప్పట్లో చుట్టి, ఫ్రెండ్ బండి మీద పెట్టుకుని వెళ్లాను. నన్ను గుర్తుపట్టాడు. దుప్పటి తీస్తుంటే, "ఆన్‌లైన్‌లో తీసుకున్నావా తమ్ముడూ?" అన్నాడు. అవునన్నాను. ఇంకేమీ అనలేదు. బోర్డ్ పేరు చూశాడు, ప్రాసెసర్ పేరు అడిగాడు. "బయోస్" అన్నాడు. పది సెకన్లు కూడా పట్టలేదు.

సమస్య ఏంటంటే అప్‌డేట్ చేయడానికి పాత ఏఎం4 ప్రాసెసర్ ఒకటి కావాలి. అన్న దగ్గర విడిగా లేదు. కాసేపు ఆలోచించి, తన బిల్లింగ్ కౌంటర్ మీది సిస్టమ్ షట్‌డౌన్ చేశాడు. అందులో ఉన్నది రైజెన్ 3 3200జీ.

ఆయన కూలర్ తీసే పద్ధతి చూసి నాకు చెమట పట్టింది, ఎందుకంటే రెండు రాత్రుల క్రితం నేను తప్పుగా తీశాను. ఏఎం4లో కూలర్‌ని నిలువుగా పైకి లాగితే, ఎండిన థర్మల్ పేస్ట్ పట్టేసి ప్రాసెసర్ కూడా సాకెట్ లోంచి ఊడొస్తుంది, పిన్నులు వంగిపోతాయి. అన్న సిస్టమ్‌ని కాసేపు నడిపాకే ఆపాడు, పేస్ట్ వేడికి మెత్తబడుతుందని. కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి, వదులయ్యాక ఎత్తాడు. నాది కొత్త పేస్ట్ కాబట్టి బతికిపోయింది.

తన ప్రాసెసర్ నా బోర్డ్‌లో పెట్టాడు. స్క్రీన్ వచ్చింది! ఆ కంపెనీ లోగో చూసి నేను ఒక్క నిమిషం ఏం మాట్లాడలేదు. పెన్‌డ్రైవ్‌ని ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేసి, కంపెనీ సైట్ నుంచి దించిన బయోస్ ఫైల్ వేశాడు. ప్లగ్‌ని యూపీఎస్‌కి మార్చాడు. "మధ్యలో కరెంటు పోతే బోర్డే పోతది" అన్నాడు. అప్‌డేట్‌కి ఐదు నిమిషాలు. తర్వాత నా 5600జీ పెట్టి ఆన్ చేశాడు. మళ్లీ లోగో.

మొత్తం గంట పట్టింది. ఆ గంటలో బిల్లు కోసం వచ్చిన ఇద్దరికి చేత్తో రాసిచ్చాడు.

"ఎంతన్నా?"

"మూడొందలు."

నేను ఇంకో రెండొందలు కలిపి ఇవ్వబోతే తీసుకోలేదు. "నా కొటేషన్‌లో ఇది కూడా ఉండె తమ్ముడూ" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే. ఇంటికి వస్తుంటే ఆ మాటే చెవిలో ఉంది. నేను మిగుల్చుకున్న 4,300లో ఏమేం ఉన్నాయో నాకు అప్పటిదాకా తెలీదు. బోర్డ్ బయోస్ చూసి ఇవ్వడం, పనిచేయకపోతే అదే రోజు మార్చడం, సర్వీస్ సెంటర్‌కి పంపే తలనొప్పి తనమీద వేసుకోవడం అన్నీ అందులో ఉన్నాయి. ఆన్‌లైన్‌లో కొంటే ఆ పనులన్నీ మనమే చేసుకోవాలి. చేసుకోగలిగితే ఆ డబ్బు మనదే.

మళ్లీ కొంటే నేను పాటించే క్రమం

తర్వాత ఫ్రెండ్స్‌కి, కజిన్స్‌కి కలిపి నాలుగు పీసీలు బిల్డ్ చేశాను, అన్నీ ఎక్కువగా ఆన్‌లైన్ పార్ట్స్‌తోనే. ఒక్కదానికీ నల్ల స్క్రీన్ రాలేదు. పద్ధతి ఇది.

ఒకటి. ప్రాసెసర్, బోర్డ్ కలిసి పనిచేస్తాయా అన్నది అమ్మే సైట్‌లో కాదు, బోర్డ్ కంపెనీ సపోర్ట్ పేజీలో చూస్తాను. ఇది పాత కథ అనుకోవద్దు. 2022లో వచ్చిన ఏఎం5 600 సిరీస్ బోర్డులకి 2024లో వచ్చిన రైజెన్ 9000 ప్రాసెసర్లు పెట్టాలన్నా బయోస్ అప్‌డేట్ కావాలి. ఇంటెల్ 600 సిరీస్ బోర్డులో 13, 14వ తరం ప్రాసెసర్ పెట్టినా అంతే. అందుకే ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డ్‌కి కొన్ని వందలు ఎక్కువైనా ఇస్తాను.

రెండు. పేర్ల చివరి అక్షరాలు చదువుతాను. ఇంటెల్ ప్రాసెసర్ చివర 'ఎఫ్' ఉంటే లోపల గ్రాఫిక్స్ లేదు. విడిగా కార్డ్ లేకపోతే బొమ్మ రాదు. ఇంటెల్ ఎల్‌జీఏ1700 బోర్డుల్లో డీడీఆర్4వి, డీడీఆర్5వి రెండు రకాలున్నాయి, ఒకదాని ర్యామ్ ఇంకోదాంట్లో పట్టదు. ఏఎం5 అయితే డీడీఆర్5 ఒక్కటే. 'ట్రే' ప్రాసెసర్ వెయ్యి తక్కువకి దొరికినా, బాక్స్ ప్రాసెసర్‌కి ఉండే 3 ఏళ్ల కంపెనీ వారంటీ దానికి మామూలుగా రాదు.

మూడు. మానిటర్, కీబోర్డ్, మౌస్ ఎప్పుడైనా కొనొచ్చు. వాటిని వచ్చిన రోజే టీవీ బాక్స్‌కో ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌కో పెట్టి చూసేయొచ్చు. కానీ ప్రాసెసర్, బోర్డ్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, పవర్ సప్లై ఈ ఐదూ ఒకే రెండు మూడు రోజుల్లో రావాలి. వీలైతే ఒకే స్టోర్ నుంచి. ఎందుకంటే ఒకటి లేకుండా ఇంకోటి టెస్ట్ కాదు. వీటిలో ఏది ముందు డీల్‌లో వచ్చినా మిగతావి కూడా అదే వారంలో కొనలేకపోతే ఆ డీల్ వదిలేస్తాను. ఫోన్‌లో ఒక రిమైండర్ కూడా పెడతాను: అతి తక్కువ గడువున్న పార్ట్ ఏ తేదీతో అయిపోతుందో.

నాలుగు. క్యాబినెట్‌లో బిగించక ముందే బోర్డ్‌ని దాని అట్టపెట్టె మీద పెట్టి టెస్ట్ చేస్తాను. ప్రాసెసర్, కూలర్, ఒక ర్యామ్, పవర్ సప్లై, మానిటర్. ఇంతే. బోర్డ్ మీద పవర్ స్విచ్ పిన్నులు రెంటినీ స్క్రూడ్రైవర్ కొనతో ఒక్క క్షణం కలిపితే ఆన్ అవుతుంది. ఏ పిన్నులో మాన్యువల్‌లో చూసుకోండి. బొమ్మ వస్తేనే తర్వాతి పని.

ఐదు. ఆన్ అయ్యాక ఆ వారంలోనే పరీక్షలు. ర్యామ్‌కి రాత్రంతా మెమ్‌టెస్ట్86. ఎస్‌ఎస్‌డీకి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో. కొత్తదని అమ్మిన డ్రైవ్ వందల గంటలు నడిచినట్టు చూపిస్తే అది కొత్తది కాదు. గ్రాఫిక్స్ కార్డ్ ఉంటే జీపీయూ-జెడ్. పాత కార్డ్‌కి కొత్త పేరు పెట్టి అమ్మే నకిలీలని అది చాలావరకు పట్టేస్తుంది.

ఆరు. ఇది డబ్బు గురించి కాదు, బోర్డ్ ప్రాణం గురించి. మాడ్యులర్ పవర్ సప్లై కేబుల్స్ ఒక మోడల్‌వి ఇంకో మోడల్‌కి పెట్టొద్దు. ప్లగ్ పట్టినా లోపల వైర్ల వరుస వేరుగా ఉండొచ్చు, పార్ట్స్ కాలిపోతాయి.

పార్ట్ నిజంగానే పాడై వస్తే?

నాది పాడైన పార్ట్ కేసు కాదు కాబట్టి నాకు గట్టిగా అడిగే హక్కు తక్కువ. మీ కేసు అదైతే సెల్లర్ "కుదరదు" అనగానే వదిలేయకండి. 2020 వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, లోపమున్న వస్తువుని, లేదా పేజీలో చెప్పినట్టు లేని వస్తువుని వెనక్కి తీసుకోనని సెల్లర్ అనకూడదు. ప్రతి ఈ-కామర్స్ సంస్థకీ ఒక గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. అక్కడా కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అందుకే బిల్, వీడియో, చాట్ స్క్రీన్‌షాట్లు దాచుకోమనేది.

చివరిగా

డిసెంబర్ మొదటి వారంలో స్టూడియో నుంచి మొదటి పెళ్లి ఫుటేజ్ వచ్చింది. ఫుల్ హెచ్‌డీ ఎడిటింగ్ హాయిగా నడిచింది, 4కే వాటికి ప్రాక్సీలు చేసుకోవాల్సి వచ్చింది. మార్చికల్లా ఆ డబ్బుతోనే గ్రాఫిక్స్ కార్డ్ కొన్నాను. అది షాప్ అన్న దగ్గరే తీసుకున్నాను. ఆన్‌లైన్ కన్నా 600 ఎక్కువ పడింది, తెలిసే ఇచ్చాను. ప్రాసెసర్, ర్యామ్ లాంటివి మాత్రం ఇప్పటికీ ఆన్‌లైన్‌లోనే కొంటాను, తేడా ఎక్కువుంటుంది.

పీసీ ఆన్ అయిన రోజు రాత్రి నాన్నకి జరిగిందంతా చెప్పాను. బయోస్, సాకెట్, స్టిక్కర్, 39 రోజులు. ఆయన మొత్తం విని అన్నారు, "కొలతలు తీసుకుని బట్ట కొంటార్రా ఎవరైనా. నువ్వు బట్ట కొని కొలతలు తీసుకున్నావు."

ఇంతకన్నా బాగా నేను చెప్పలేను. కార్ట్ సేవ్ చేసుకోండి. సపోర్ట్ పేజీ తెరవండి. తర్వాతే పేమెంట్.